దయచేసి వెనక్కి తిరగండి

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు ముందు సీట్ల వీపుకి రెండు చిన్న తెరలు బిగించాలి. వాటిలో పార్కింగ్ పాఠం వీడియో ఆడాలి. సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రి మేట్రన్ గారు వచ్చేసరికి కారు శుభ్రంగా తుడిచి వాకిట్లో ఉండాలి. అంతే. ఇంత చిన్న పథకాన్ని పాడుచేయాలంటే చాలా తెలివితేటలు కావాలి. ఆ ఇంటాయనకు అవి పుష్కలంగా ఉన్నాయి.

ఇంటావిడ డ్రైవింగ్ టీచరు. ఒకే ఒక్క కారు, దాని నెత్తిన ఒక బోర్డు, తను కూర్చునే సీటు కింద ఒక అదనపు బ్రేకు, ఇవే ఆవిడ బడి. ఒకరు బండి నడుపుతుంటే మిగతా ఇద్దరు వెనక సీట్లో కూర్చుని తమ వంతు కోసం ఆవలిస్తుంటారు. ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే నర్సులందరికీ డ్రైవింగ్ నేర్పించాలని ఈమధ్య ఆస్పత్రివాళ్ళు అనుకున్నారు. ఆ పని ఈవిడకు ఇవ్వాలా, వీధి చివర కొత్త కార్లున్న పెద్ద బడికి ఇవ్వాలా అన్నది మేట్రన్ గారు చూసి తేలుస్తారు. పెద్ద బడి కార్లలో వెనక కూర్చున్నవాళ్ళకు వీడియో పాఠాలున్నాయి. ఈ పని దొరికితే ఇంటావిడ రెండో కారు కొనుక్కుంటుంది. దొరక్కపోతే బోర్డు దించేసి ఆ పెద్ద బడిలోనే జీతానికి చేరాలి. వాళ్ళు అప్పుడే ఒకసారి వచ్చి మర్యాదగా అడిగి వెళ్ళారు కూడా.

ఇంటాయన బస్‌స్టాండులో అనౌన్సరు. ఆయన మైకు ముందు గొంతు సవరించుకుంటే చాలు, పెద్దపెద్ద సంచులు మోస్తున్నవాళ్ళు కూడా ఆగి చెవి ఒగ్గుతారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి ఇంటికి వచ్చి, "కాసిని మంచినీళ్ళు" అని మూడుసార్లు ప్రకటించి, చివరికి తనే లేచి తెచ్చుకునేవాడు. దీని గురించి ఆయనకు కోపం లేదు. తన మాట తనకే విసుగ్గా ఉంటుందని స్నేహితుల దగ్గర ఒప్పుకునేవాడు కూడా. కానీ లోపల ఎక్కడో ఒక బాధ మాత్రం ఉండేది.

ఆయనకు డ్రైవింగ్ రాదు. డ్రైవింగ్ మీద సలహాలు మాత్రం వచ్చు. ఈ కథ చెబుతున్నవాడిదీ అదే జాతి కాబట్టి ఇక్కడ ఆయన్ని మరీ ఆడిపోసుకోవడం బాగుండదు. ఒకసారి వెనక సీట్లో కూర్చుని, "కుడికి, కుడికి, ఇంకాస్త కుడికి" అని సాయం చేసి, ఒక శిష్యురాలి చేత కారుని లాండ్రీ కొట్టు మెట్లెక్కించాడు. అప్పటినుంచి ఆ కారులో ఆయన నోరు విప్పకూడదు. శిష్యులకు కూడా ఆవిడ మొదటిరోజే గట్టిగా చెప్పేది: "బండి కదిలాక గట్టిగా వినబడే గొంతు నాదే. అదేం చెబితే అది వెంటనే చేసేయండి. ఎందుకని తర్వాత అడగండి."

"చిన్న తెరలు రెండు చాలు," అంది ఆవిడ ఆ ఉదయం చెప్పులేసుకుంటూ. "ముందు వైపు ఏమీ వద్దు. నడిపేవాళ్ళ కళ్ళు రోడ్డు మీద ఉండాలి. కొట్లోవాళ్ళే బిగిస్తారు, మీరు ఊరికే కుర్చీలో కూర్చోండి."

"ఆమాత్రం తెలీదా నాకు?" అన్నాడాయన.

"తెలుసేమోనన్నదే నా భయం," అంది ఆవిడ. నర్సులకు నమూనాగా రోడ్డు గుర్తుల పాఠం చెప్పడానికి ఆస్పత్రికి వెళ్ళిపోయింది. సాయంత్రం మేట్రన్ గారితో కలిసి ఆస్పత్రి వ్యానులోనే తిరిగి వస్తుంది.

కారుని కొట్టు దాకా నడిపింది ఆవిడ తమ్ముడు. అతన్ని అందరూ 'ఫర్వాలేదు' అంటారు. కుళాయి విరిగినా, కొంప మునిగినా అతని నోట వచ్చే మాట అదొక్కటే. ఇలాంటి బావమరిది పక్కనుంటే పిరికివాడికి కూడా ధైర్యం వస్తుంది. మన అనౌన్సరు పిరికివాడు కూడా కాదు.

కొట్లో గోడ నిండా తెరలే. అన్నిటిలోనూ ఒకే జలపాతం దూకుతోంది. "రెండు చిన్నవి చాలండి," అని ఆయన నిజాయితీగానే మొదలుపెట్టాడు. సేల్స్‌మన్ నొచ్చుకున్నవాడిలా చూశాడు.

"చిన్నవి తీసుకోండి సార్, మీ ఇష్టం. కానీ ముందు పెద్ద తెర లేకపోతే ఈ చిన్నవాటికి వీడియో ఎక్కడినుంచి వస్తుంది? పెద్దదానికి తోడుగా వెనక కెమెరా వస్తుంది. డిక్కీలో పెట్టే స్పీకరు ఉచితం."

ఉచితం అన్నాక వద్దనడం ఆయన వంశంలో లేదు. అయినా భార్య మాట గుర్తొచ్చి కాస్త తటపటాయించాడు. అప్పుడు సేల్స్‌మన్ ఆఖరి అస్త్రం తీశాడు.

"ఇందులో దారి చెప్పే గొంతు కూడా మార్చుకోవచ్చు సార్. కావాలంటే మీ గొంతే రికార్డు చేసి పెట్టుకోవచ్చు."

"నా గొంతా? కారులోనా?"

"బండి నడిపేవాళ్ళు మీరు చెప్పినట్టే వింటారు."

ఆయన అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఎన్నేళ్ళుగానో ఆ వెనక సీట్లో మింగేసిన మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ఇక ధర, సైజు, రంగు ఏదీ అడగలేదు. "మైకు ఎక్కడ?" అని మాత్రం అడిగాడు.

కొట్టు వెనక గోదాములో అట్టపెట్టెల మధ్య నిలబడి, ఆయన ఒక్కొక్క మాటా రికార్డు చేశాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. దయచేసి వెంటనే ఎడమవైపు తిరగండి." సేల్స్‌మన్ తల గోక్కున్నాడు.

"'ఎడమవైపు తిరగండి' అంటే చాలు సార్. ప్రయాణికులు, విజ్ఞప్తి ఇవన్నీ ఎందుకు?"

"అవి లేకపోతే నా నోరు లేవదు బాబూ."

కుడివైపు, నేరుగా, వేగం తగ్గించండి, వెనక్కి తిరగండి, అన్నీ అదే ధోరణిలో సాగాయి. 'వెనక్కి తిరగండి' అన్నది మాత్రం ఆయన మరీ శ్రద్ధగా, రెండుసార్లు చెప్పాడు. అది ప్రమాదకరమైన సందర్భం కదా, గట్టిగా ఉండాలి.

తీరా బిగించమంటే, బిగించే మనిషి మర్నాటిదాకా ఖాళీగా లేడన్నారు. "ఫర్వాలేదు బావా, మనమే బిగించేద్దాం. నాలుగు వైర్లేగా," అన్నాడు బావమరిది. సామానంతా కారులో వేసుకుని ఇంటికి వచ్చి, పెరట్లో కారు లోపలి ముందు పలక ఊడదీశారు.

వైర్లు నాలుగు కావు. గుప్పెడున్నాయి. ఎర్ర వైరు తాళం తిప్పినప్పుడే పనిచేస్తుందనీ, పసుపు వైరు ఎప్పుడూ పనిచేస్తుందనీ చిన్న పుస్తకంలో బొమ్మ వేసి మరీ చెప్పారు. ఎర్రది పెట్టే చోటు కనబడలేదు. బావమరిది రెండిటినీ కలిపి మెలిపెట్టి టేపు చుట్టాడు. "ఇప్పుడు తాళం లేకపోయినా ఆడుతుంది బావా. ఇంకా మంచిదేగా!" కెమెరా వైరు వెనక బంపరు దాకా అందలేదు. తాత్కాలికంగా వెనక సీటు ఎదురుగా, కారు కప్పుకి అతికించారు. డిక్కీ స్పీకరు డిక్కీ కన్నా పెద్దది. మూత పడక తాడుతో కట్టారు. శిష్యుల వేలిముద్రలు పడకుండా పెద్ద తెర మీద మందపాటి ప్లాస్టిక్ గార్డు అంటించింది మాత్రం పూర్తిగా ఆయన సొంత ఆలోచన.

పరీక్షించడానికి ఆయన గార్డు అంటించే ముందే తెర మీద ఒక చిరునామా కొట్టాడు. ఆయనకు తడుముకోకుండా వచ్చిన చిరునామా ఒక్కటే, బస్‌స్టాండుది. దారి గీత పడింది. గొంతు పలికింది. వీధిలో వెళుతున్న పాలవాడు సైకిలు దిగి నిలబడిపోయాడు.

"అదిరింది బావా! కొంచెం సౌండు తగ్గిద్దామా?"

గార్డు పడ్డాక ఎన్నిసార్లు నొక్కినా తెర పలకలేదు. "ఫర్వాలేదు, అక్క కూడా గట్టిగానే చెబుతుందిగా," అన్నాడు బావమరిది. అన్నీ బిగించాక గుప్పెడు మరలు మిగిలాయి. వాటిని జేబులో వేసుకుని, పని ఉందంటూ వెళ్ళిపోయాడు.

నాలుగింటికి ఆస్పత్రి వ్యాను ఆగింది. మేట్రన్ గారు దిగారు. ఇస్త్రీ మడత చెదరని బట్టలు, ఎదుటివాడి జ్వరం చూపుతోనే కొలిచే కళ్ళు. ఆవిడ వెనకే ఇంటావిడ, ఒక నర్సమ్మాయి దిగారు.

"ఈ అమ్మాయి సూది గుచ్చేటప్పుడు రోగి కన్నా ముందు తనే కళ్ళు మూసుకుంటుంది," అని మేట్రన్ గారు ఇంటాయనకు పరిచయం చేసి, ఇంటావిడ వైపు తిరిగారు. "నెల నుంచి మీ దగ్గర నేర్చుకుంటోందిగా. ఈమెకు నేర్పగలిగితే ఎవరికైనా నేర్పగలరు. అలా పార్కు చుట్టూ తిరిగొద్దాం పదండి."

ఇంటావిడ కారు ముందున్న పెద్ద తెరని చూసింది. తాడు కట్టిన డిక్కీని చూసింది. తర్వాత భర్తను చూసింది. మేట్రన్ గారు పక్కనే ఉన్నారు కాబట్టి ఆ చూపు నవ్వుగా మారింది. కారెక్కబోతూ ఆయన చెవిలో, "నోరు విప్పారంటే నడిరోడ్డు మీద దింపేస్తాను," అంది. ఆయన ఒట్టేసినట్టు తల ఊపి, మేట్రన్ గారి పక్కన వెనక సీట్లో ఒదిగి కూర్చున్నాడు.

నర్సమ్మాయి అద్దాలు సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది. రోడ్డు చప్పుడు వినబడాలన్నది టీచరమ్మ నియమం కాబట్టి కిటికీలన్నీ దించింది. బండి మెత్తగా కదిలింది. మేట్రన్ గారి ముందు అరవడం బాగుండదని ఇంటావిడ ఆరోజు ఎన్నడూ లేనంత మృదువుగా, "ఎడమకి తిప్పమ్మా," అంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి!" అని కారు అదిరిపోయింది. "దయచేసి వెంటనే కుడివైపు తిరగండి!"

గట్టిగా వినబడ్డ గొంతు మాట నర్సమ్మాయి వెంటనే చేసేసింది. అద్దంలో చూసి, లైటు వేసి, పాఠంలో చెప్పినట్టు కుడికి తిప్పింది.

"భేష్! బాగా తిప్పింది," అన్నారు మేట్రన్ గారు.

ఇంటావిడ కాలు అదనపు బ్రేకు దాకా వెళ్ళి ఆగిపోయింది. మెచ్చుకున్న మలుపుని తప్పు మలుపని చెప్పడం ఎలా? అక్కడ బ్రేకు వేసి ఉంటే ఈ కథ ఇంతటితో ముగిసేది. కానీ పరువు చాలా చెడ్డది, అదనపు బ్రేకు కన్నా గట్టిగా పట్టేస్తుంది.

"అది... కొత్త పద్ధతండి," అంది ఆవిడ. "రికార్డు చేసిన పాఠం."

"ఎక్కడో బాగా విన్న గొంతులా ఉందే!" అని మేట్రన్ గారు పక్కకు చూశారు. అనౌన్సరు తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటకు చూశాడు. కారు బస్‌స్టాండు వైపు పోతోందని ఆ కారులో ఆయనొక్కడికే తెలుసు. కక్కలేక మింగలేక ముందు సీటు వైపు చేతులు తిప్పాడు. అద్దంలో అది చూసిన భార్య కళ్ళురిమింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

మేట్రన్ గారు తన ముందున్న చిన్న తెరని పరీక్షగా చూశారు. "ఇందులో పాఠం ఏదండీ? నేనే కనిపిస్తున్నాను. అదీ తలకిందులుగా." ఆయన కప్పు మీద కెమెరా చూపించి, బంపరు చూపించి, వైరు పొట్టిదని రెండు వేళ్ళతో కొలిచి చూపించాడు. మేట్రన్ గారి ముఖం మెత్తబడింది.

"అయ్యో పాపం. ఈయనకి మాట రాదా?"

"రాదండి," అంది ఇంటావిడ ఠక్కున. ఆ మాట అంత హాయిగా వచ్చేసినందుకు ఆవిడే ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది.

"పుట్టుకతోనా? మధ్యలోనా? మా దగ్గర గొంతు డాక్టరు గారున్నారు, ఒకసారి చూపించండి." మేట్రన్ గారు అప్పటికే సంచిలోంచి చిన్న టార్చి తీశారు. "ఏదీ, నోరు తెరవండి. ఇంకా. నాలుక బయటికి. ఊఁ, ఇప్పుడు 'ఆ' అనడానికి ప్రయత్నించండి."

ఆయన భార్య వైపు చూశాడు, సాయం దొరకలేదు. నోరు బార్లా తెరిచాడు. మేట్రన్ గారు లోపలికి వెలుగు వేసి వంగి చూశారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి!"

టార్చి కింద పడింది. మేట్రన్ గారు సీటుకి అంటుకుపోయారు. ఆయన నోరు ఇంకా తెరిచే ఉంది, నాలుక ఇంకా బయటే ఉంది, మాట మాత్రం ఖంగున పూర్తయింది. "దయచేసి వెంటనే ఎడమవైపు తిరగండి!"

నర్సమ్మాయి వెంటనే తిప్పేసింది. ఎడమవైపు ముందుగా వచ్చింది బస్సులు లోపలికి వెళ్ళే గేటు. కార్లకు ప్రవేశం లేదని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఇంటావిడ పరువు సంగతి వదిలేసి అదనపు బ్రేకు తొక్కింది. వెనకనుంచి ఒక బస్సు కారు మీదికి వచ్చినంత పనిచేసి హారన్ మోగించింది. దాని వెనక ఇంకోటి. ఆగడానికి లేదు, వెనక్కి పోవడానికి లేదు. "పోనీ అమ్మా, లోపలికే పోనీ," అంది ఆవిడ నీరసంగా. కారు బస్‌స్టాండులోకి ప్రవేశించింది.

మ్యాపు ప్రకారం కారు వెళ్ళాల్సింది ఆ తర్వాత వచ్చే ప్రయాణికుల గేటుకి. తప్పు గేటులోంచి రావడం దానికి నచ్చలేదు. ఉచితంగా వచ్చిన స్పీకరు, మూతపడని డిక్కీలోంచి, తెరిచిన కిటికీల్లోంచి బస్‌స్టాండు మొత్తానికి చెప్పింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! దయచేసి వెంటనే వెనక్కి తిరగండి! వెంటనే వెనక్కి తిరగండి!"

జనం ఆగిపోయారు. అది ఎవరికీ అనుమానం లేని గొంతు. ఆ గొంతు చెబితేనే ఎక్కుతారు, ఆ గొంతు చెబితేనే దిగుతారు. బస్సులవైపు నడుస్తున్నవాళ్ళు గిరుక్కున వెనక్కి తిరిగారు. బస్సుల్లో కూర్చున్నవాళ్ళు సంచులు దించుకుని తలుపుల దగ్గర తోసుకున్నారు. టికెట్లు కొనుక్కుంటున్నవాళ్ళు చిల్లర కూడా తీసుకోకుండా బయటికి పరుగెత్తారు. ఒక డ్రైవరు బస్సునే వెనక్కి తిప్పబోయి ఇంకో బస్సుకి అడ్డంగా పెట్టాడు.

వెనక సీట్లో ఆయనకు ఇక ఆగలేదు. కారు సరిగ్గా ఆ రెండు బస్సుల మధ్యలోకి పోతోంది. ఒట్టు గట్టున పెట్టి, "ఆగమ్మా!" అని అరిచాడు. అదే గొంతు, గట్టిగానే వినబడింది. నర్సమ్మాయి వెంటనే ఆపేసింది. రెండు బస్సులకీ మిగిలిన ఆ కాస్త దారి కూడా మూసుకుపోయింది.

"మాట వచ్చింది!" అన్నారు మేట్రన్ గారు.

ఇంటావిడ తాళం తీసేసింది. గొంతు ఆగలేదు. ఎర్ర వైరు, పసుపు వైరు కలిసి ఉన్నాయి కదా. ఆయన బావమరిదికి ఫోను చేశాడు. "ఫర్వాలేదు బావా, దాని నెత్తిన ఒకటివ్వండి," అన్నాడు బావమరిది. ఒకటిచ్చారు. అది మరో రెండుసార్లు అందరినీ వెనక్కి తిరగమంది. చివరికి ఇంటావిడ బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు పీకేసింది. నిశ్శబ్దం పడింది. ఆ నిశ్శబ్దంలో బస్‌స్టాండు మేనేజరు పరుగెత్తుకు వస్తూ కనిపించాడు.

"సెలవు పెట్టి మరీ వచ్చి ఇదేం పనయ్యా!" అన్నాడు మేనేజరు. "ఎక్కు, మైకెక్కు! నువ్వే చెప్పి పంపావు, నువ్వే వెనక్కి పిలువు!"

అనౌన్సరు తన గదిలోకి పరుగెత్తి మైకు అందుకున్నాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఇంతకుముందు చేసిన ప్రకటన పొరపాటు. దయచేసి వెంటనే వెనక్కి తిరగండి..." అక్కడ నాలుక కరుచుకున్నాడు. వెనక్కి తిరిగి బయటికి పోతున్నవాళ్ళు సగంమంది మళ్ళీ వెనక్కి తిరిగి లోపలికి వచ్చారు. అప్పుడే లోపలికి వస్తున్నవాళ్ళు మళ్ళీ బయటికి నడిచారు. గేటు దగ్గర రెండు గుంపులూ ఎదురుపడ్డాయి. ఇక ఆయన ఎన్ని చెప్పినా ఎవరూ వినలేదు. జీవితంలో మొదటిసారి బస్‌స్టాండు కూడా ఆయనకి ఇల్లులా అనిపించింది.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి మైకు లాక్కుంది.

"గేటు దగ్గర ఉన్నవాళ్ళు కదలకండి," అంది ఇంటావిడ. విజ్ఞప్తి లేదు, దయచేసి లేదు. "అడ్డంగా ఉన్న నీలం బస్సు! రివర్సు గేరు వెయ్యి. అద్దం చూడు. రోడ్డు చూడటం కాదు, అద్దం చూడు! ఊఁ, మెల్లిగా వదులు క్లచ్చి. చాలు, ఆగు. ఎర్ర బస్సు, నువ్వు కాదు, ఇంకా నీ వంతు రాలేదు. సంచి నెత్తిన పెట్టుకున్న పెద్దాయనా, మీరు పక్కకి రండి."

ఏళ్ళుగా బస్సులు నడుపుతున్న డ్రైవర్లు వేలు పట్టుకు నడిచే పిల్లల్లా ఆవిడ చెప్పినట్టు తిప్పారు. కాసేపటికి దారి విడిపోయింది. బస్సులు వాటి చోటుకి, జనం బస్సుల్లోకి చేరారు. బ్యాటరీ వైరు పీకిన కారొక్కటే మధ్యలో మిగిలింది. మేట్రన్ గారు దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

ఇంటావిడ ఆవిడ ముందుకి వచ్చింది. "నేను అబద్ధం చెప్పానండి. ఇది కొత్త పద్ధతీ కాదు, పాఠమూ కాదు. ఆయనకి మాట వచ్చు. అదే మా ఇంట్లో ఉన్న సమస్య. మీరు ఆ పెద్ద బడివాళ్ళకే ఇచ్చేయండి, నేనేమీ అనుకోను."

ఆ చివరి మాట అబద్ధమని ఆమె కళ్ళు చెబుతున్నాయి. ఇంటాయన సిగ్గుతో ముందుకొచ్చి, తన జీవితంలోనే అతి చిన్న గొంతుతో, "తప్పంతా నాదండి," అన్నాడు. "రెండు తెరలు తెమ్మంది. నా గొంతు పెట్టుకోవచ్చంటే కక్కుర్తి పడ్డాను. ఆవిడ చెప్పే పాఠానికీ ఈ పెంటకీ ఏమీ సంబంధం లేదు."

మేట్రన్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత కారుని చూశారు.

"ఆ వైరు మళ్ళీ తగిలించండి."

"తగిలిస్తే మళ్ళీ మాట్లాడుతుందండీ!"

"మాట్లాడనివ్వండి. ఈ అమ్మాయి ఆస్పత్రిదాకా నడపాలి."

నర్సమ్మాయి ముఖం పాలిపోయింది. "ఏ గొంతు వినాలి మేడమ్?"

ఇంటావిడ ఆ అమ్మాయి వైపు తిరిగింది. "నాది. గట్టిగా చెప్పను, మెల్లిగానే చెబుతాను. వినబడకపోతే అడుగు. వెంటనే చేయొద్దు, సరైనదో కాదో చూసుకుని చెయ్యి."

తిరుగు ప్రయాణం పొడుగునా కారు వాళ్ళని వెనక్కి పిలుస్తూనే ఉంది. ప్రతి కూడలి దగ్గరా విజ్ఞప్తి చేసింది. దాటిపోయిన ప్రతి వీధికీ వెంటనే తిరగమంది. నర్సమ్మాయి మొదట ప్రతిసారీ ఉలిక్కిపడింది. తర్వాత పెదవి కొరుక్కుంది. ఆ తర్వాత కళ్ళు చిన్నవి చేసుకుని రోడ్డు మీదే పెట్టింది. ఆస్పత్రి ముందు సిగ్నలు దగ్గర అది మళ్ళీ అందుకోగానే, సూదికి కళ్ళు మూసుకునే ఆ పిల్ల తెర వైపు తిరిగి, "కాసేపు నోరుమూసుకుని కూర్చుంటారా లేదా!" అని కసిరింది. వెనక సీట్లో అనౌన్సరు, "కూర్చున్నానమ్మా," అన్నాడు.

మేట్రన్ గారు ఆస్పత్రి మెట్ల దగ్గర దిగారు. "మా నర్సులు ఇళ్ళకి వెళతారు," అన్నారు ఇంటావిడతో. "ఒక్కో ఇంట్లో రోగి ఒక్కరే, సలహాలిచ్చేవాళ్ళు మాత్రం ఇంటి నిండా ఉంటారు. వాళ్ళందరి మధ్య చెయ్యి వణక్కుండా తన పని తను చేయడం నేను వీళ్ళకి నేర్పలేకపోయాను. రేపటి నుంచి అందర్నీ మీ దగ్గరికే పంపిస్తాను. ఒక్క షరతు. ఆ గొంతు తీసేయకూడదు."

"తీసేయొద్దా?" అన్నాడాయన. చాలాకాలానికి ఆయన ముఖం వెలిగింది.

"సౌండు కూడా తగ్గించకండి," అన్నారు మేట్రన్ గారు.

రెండో కారు వచ్చింది. అందులోనూ అదే పరికరం పెట్టారు, ఈసారి కొట్టువాళ్ళే బిగించారు. దానికోసం ఆయన సెలవురోజున కూర్చుని కొత్త కొత్త తప్పుడు సలహాలు రికార్డు చేసి ఇచ్చాడు. అందుకు అభ్యాసమేమీ అవసరం పడలేదు. ఇప్పుడు ఆ బడిలో క్లచ్చి, గేర్లు అన్నీ తర్వాతే. మొట్టమొదటి పాఠం ఆయన గొంతు ఏం చెప్పినా పట్టించుకోకుండా ఉండటం. ఆ పాఠంలో ఇంతవరకూ ఎవరూ తప్పలేదు.